టీ గంట కొట్టాక వచ్చే ఎండ

సాల్ట్‌వీక్, లాంకషైర్
1958 జూన్ 2

వియ్యంకుడు క్లెమెంట్ ఆష్‌డౌన్ గారికి,

ఇవాళ పొద్దున నా బిస్కెట్టు టీలో పడి మునిగిపోయింది. తప్పు దానిదీ కాదు, నాదీ కాదు, ఎండది. బిస్కెట్టు ముంచి పట్టుకుని ఉన్నాను. పదకొండు రోజుల తరవాత కిటికీలో కాస్త వెలుతురొచ్చింది. ఎవరొచ్చారా అని తల తిప్పాను. అంతే. ఎండా పోయింది, బిస్కెట్టూ పోయింది. అడుగున చెంచాతో దేవుకుంటుంటే మా ఆవిడ ఎడ్నా చూసి, "అరవై ఎనిమిదేళ్ళొచ్చాయి, బిస్కెట్టు తినడం చేతకాదు" అంది. మీ ఊళ్ళో ఎండ తీరిగ్గా వచ్చి తీరిగ్గా కూర్చుంటుందట కదా, మీ బిస్కెట్లు గట్టున పడే ఉంటాయిలెండి.

మీ పెల్లింగ్ బే బొమ్మ కార్డు అందింది. ఆకాశం నిజంగా అంత నీలమా బావగారూ, లేక అచ్చేసినవాడి చేతిలో సిరాబుడ్డి ఒలికిందా? ఎడ్నా దాన్ని అలమర మీద నిలబెట్టింది. నేను గోడవైపు తిప్పాను. ఆవిడ ఇటు తిప్పింది. నేను అటు తిప్పాను. ప్రస్తుతం దాని మీద టీ కుండ ఉంది.

అసలు సంగతికొస్తాను. మనిద్దరికీ కలిపి దేవుడిచ్చింది ఒక్క మనవరాలు. మా అబ్బాయి డెరెక్కూ మీ అమ్మాయి మారియనూ దాన్ని ఆగస్టులో ఒక్క వారమే తాతల దగ్గరికి పంపుతారు. అంతకుముందేడు మీ దగ్గరికొచ్చింది, పోయినేడు నా దగ్గరికి. ఈ ఏడు మీ వంతు. కాదనను. కానీ పోయినేడు వారం వారమంతా వాన. హేజెల్, నేనూ సముద్రం ఒడ్డున రేకుల చావిట్లో కూచుని, కాళ్ళు ఊపుకుంటూ, పక్కవాళ్ళ గొడుగులు లెక్కపెట్టాం. శనివారం దాన్ని రైలెక్కించి చెయ్యూపానో లేదో, వచ్చిందండీ ఎండ! ప్లాట్‌ఫారం మీద ఇనప బెంచీ ముట్టుకుంటే కాలింది. అందుకని ఆ వారం లెక్కలోది కాదని డెరెక్‌కి రాశాను. దానికి ఆ పిల్లే తీర్పు చెప్పింది. మీకూ రాసి ఉంటుంది కదా? జూన్, జులై రెండు నెలలూ పేపర్లో వేసే ఎండ గంటలు కత్తిరించి పుస్తకంలో అంటిస్తుందట. ఎవరి ఊళ్ళో ఎక్కువైతే ఆ తాత దగ్గరికొస్తుందట. తొమ్మిదేళ్ళ పిల్ల! ఆ న్యాయం మీ వైపు నుంచి వచ్చింది, ఒప్పుకుంటాను. మా వైపు న్యాయం లేదు, అల్లరే.

నాకు సమ్మతమే. మీరు వెనక్కి తగ్గితే చెప్పండి, సిగ్గుపడకండి.

ఇట్లు,
విల్ఫ్ హాల్‌షా


పెల్లింగ్ బే, ససెక్స్
జూన్ 6

హాల్‌షా గారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. మీ బిస్కెట్టుకు నా సంతాపం.

హేజెల్ నియమం నాకూ వచ్చింది. వంతు ప్రకారం ఈ వారం నాది. పోయినేడు వాన పడినందుకు ఈ ఏడు నా మీద దావా వేయడం ఏ చట్టంలో ఉందో తెలియదు. అయినా పిల్ల మాట పిల్ల మాటే. ఒప్పుకుంటున్నాను. ముప్ఫైనాలుగేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, పరీక్ష అంటే భయపడను.

రెండు విషయాలు మాత్రం మనవి చేస్తాను. ఒకటి: మీ ఊళ్ళో ఎండ సాయంత్రం ఐదున్నర తరవాతే వస్తుందని మీరే పదేళ్ళుగా వాపోతున్నారు. ఎవరూ కూర్చోని ఎండను ఎండగా లెక్కపెట్టడం న్యాయమా? రెండు: సాల్ట్‌వీక్ పార్కులో ఎండ కొలిచే గాజు బంతి దగ్గర రోజూ సాయంత్రం కార్డు మార్చే మనిషి ఎవరో నాకు తెలుసు. పరీక్ష రాసేవాడే పేపరు దిద్దడం నా సర్వీసులో చూడలేదు.

నిన్న మా దగ్గర తొమ్మిదిన్నర గంటలు ఎండ కాసింది. తోటలో కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. కాగితం మీద నా నీడే పడుతోంది.

క్లెమెంట్ ఆష్‌డౌన్


సాల్ట్‌వీక్
జూన్ 14

బావగారికి,

కాగితం మీద నీడ పడుతోందా! చదివినప్పుడు కడుపులో మంట పుట్టింది. ఆ మంటకే మా గాజు బంతి కింద కార్డు కాలాల్సింది.

అది కాలేది ఎట్లాగో మీకు చెప్పాలి, మీ లాటిన్ పుస్తకాల్లో ఉండదు. బత్తాయి పండంత గాజు బంతి. దాని వెనక ఒక నీలం కార్డు. ఎండ పడితే బంతిలోంచి వెలుగంతా ఒక చుక్కై కార్డుని కాలుస్తుంది. సూర్యుడు జరిగేకొద్దీ చుక్క గీతవుతుంది. గీత ఎంత పొడుగో ఎండ అంత. మబ్బొస్తే గీత తెగుతుంది. పొద్దుగూకాక నేను ఆ కార్డు తీసి, కొత్తది పెట్టి, పాతది టౌన్ హాల్లో గుమాస్తాకి ఇస్తాను. అతను స్కేలు పెట్టి కొలుస్తాడు. నలభై ఏళ్ళు ఈ ఒడ్డున గుడ్డ కుర్చీలు వేసీ తీసీ బతికినవాణ్ణి, మా గుమ్మం పార్కు గేటుకి ఎదురుగా ఉంది, అందుకని ఈ పని నాకిచ్చారు. నేను మోసేవాణ్ణే, కొలిచేవాణ్ణి కాదు.

ఐదున్నర ఎండ లెక్కలోది కాదంటారా? గాజు బంతికి టీ వేళ ఉండదండీ. మనుషులకే ఆ రోగం. నిన్న జరిగింది వినండి.

మా పక్కింటి మిసెస్ క్లెగ్ బోర్డింగ్ హౌస్ సంగతి మీకు తెలుసు. పది కొట్టగానే బస చేసినవాళ్ళందర్నీ బయటికి తోసి తలుపేస్తుంది. సాయంత్రం ఐదున్నరకి టీ గంట కొట్టేదాకా పిడుగు పడినా తలుపు తియ్యదు. నిన్న పదినుంచీ ఐదుదాకా తుంపర. పాపం, పద్నాలుగుమంది రేకుల చావిట్లో తడిసిన కోళ్ళల్లే కూచున్నారు. ఐదూ ఇరవైకి మబ్బు చీలింది. సముద్రం మీద వెండి పోసినట్టు! బోల్టన్ నించి వచ్చిన ఒకాయన అప్పుడే ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, బూట్లు విప్పి, నీళ్ళల్లో ఒక కాలు పెట్టాడు. గంట కొట్టింది.

"అమ్మా, క్లెగ్గమ్మా! ఇప్పుడేగా ఎండొచ్చింది! ఒక్క అరగంట!" అని అక్కణ్ణించే అరిచాడు.

"ఎండకేం బాబూ, రేపూ వస్తుంది. నా హామ్ మాత్రం రేపు రాదు."

"రేపు మేం వెళ్ళిపోతున్నాం తల్లీ!"

"అయితే తిని వెళ్ళు."

రెండో కాలు తడవకుండానే లోపలికెళ్ళాడు. కిటికీలోంచి చూస్తే పద్నాలుగుమందీ హామూ బ్రెడ్డూ ముందు పెట్టుకుని, తలలన్నీ సముద్రంవైపు. బయట ఎండలో నేనొక్కణ్ణే. ఆ తరవాత మూడు గంటలు కాసింది బావగారూ. కార్డు మీద ఎంత చక్కటి గీత! అది నాదే.

మీ వియ్యంకుడు,
విల్ఫ్


పెల్లింగ్ బే
జులై 1

హాల్‌షా గారికి,

జూన్ నెల ఫలితాలు: పెల్లింగ్ బే నూట ఎనభై ఒకటి. సాల్ట్‌వీక్ నూట అరవై ఎనిమిది. పదమూడు గంటలు ముందున్నాను. చప్పట్లు అక్కర్లేదు.

అయితే జూన్ 24న మీ ఊరికి పేపర్లో పదకొండు గంటలని వేశారు. ఆ రోజు లాంకషైరంతటా వాన అని అదే పేపరు మొదటి పేజీలో ఉంది. మీరు చుట్ట తాగుతారని నాకు జ్ఞాపకం. చుట్ట కొస నెమ్మదిగా కార్డు మీద జరిపితే గీత ఎంత నున్నగా పడుతుందో ఊహించగలను. నా క్లాసులో కూడా వెనక బెంచీలో ఇలాంటి ప్రతిభావంతులు ఉండేవారు.

నేను నింద వేయడం లేదు. అడుగుతున్నానంతే.

క్లెమెంట్ ఆష్‌డౌన్

తా.క. హేజెల్ నాకు రెండు పేజీలు రాసింది.


సాల్ట్‌వీక్
జులై 5

అయ్యా పంతులుగారూ,

నింద వెయ్యడం లేదట, అడగడమట. నా వెనక బెంచీ గురించి మీకేం తెలుసు? నేను పన్నెండో ఏట బడి మానేశాను. మానేసేదాకా కూచున్నది కిటికీ పక్కన. ఎండొస్తే పారిపోడానికి వీలుగా.

జూన్ 24న వాన పడింది తూర్పున, కొండల అవతల. ఇక్కడ ఎండే. పొద్దున ఆరుకి మొదలై సాయంత్రం ఐదుకి ఆగింది. ఆ రోజు ఏ వారమో తెలుసా? మంగళవారం. ఊళ్ళో జనమే లేరు. అంతకుముందు వారం వచ్చినవాళ్ళు వానలో తడిసి, చీదుకుంటూ శనివారం వెళ్ళారు. ఆ వారం వచ్చినవాళ్ళంతా పొద్దున్నే బస్సెక్కి సరస్సులు చూడ్డానికి పోయారు, అక్కడ వాన. తిరిగొచ్చేసరికి ఇక్కడ మబ్బు. నా గుడ్డ కుర్చీల కాలంలోనూ ఇంతే. కుర్చీలు వేస్తే వాన, మడిచి తాళం వేస్తే ఎండ. ఒకసారి తాళం వేసినట్టు నటించి చూశాను. సూర్యుడు మోసపోలేదు.

చుట్టతో కాల్చానంటే మాత్రం ఊరుకోను. కాల్చాలని అనుకోలేదా? అనుకున్నాను. ఒకటికి నాలుగుసార్లు. చుట్ట కార్డుకి ఇంత దూరంలో పెట్టాను కూడా. "ఏమయ్యా, ఆ బంతికి చుట్ట తాగిస్తున్నావా?" అంది ఎడ్నా గేటులోంచి. తీసేశాను.

హేజెల్ నాకు ఒక్క పేజీయే రాసింది. అందులో సగం మా పిల్లి గురించి. మీకు రెండు పేజీలా? రెండు వైపులా, లేక ఒక వైపేనా? అక్షరాలు పెద్దవా, చిన్నవా? దాచకుండా చెప్పండి.

అన్నట్టు మీ దస్తూరి ఏమిటి, కొండెక్కుతోంది? పోయిన ఉత్తరంలో ప్రతి వరసా కింద మొదలై పైకి పోయింది. మీలాంటి పంతులు గీత తప్పితే లోకం ఏమవుతుంది?

విల్ఫ్


పెల్లింగ్ బే
జులై 14

హాల్‌షా గారికి,

కలం కొత్తది. బల్ల పాతది. దస్తూరి గురించి అంతకంటే చెప్పడానికేం లేదు.

ఎనిమిది గంటలు ముందున్నాను. ఈ వారం మీవైపు గాలి బాగుందట, తేడా తగ్గింది. సంతోషించండి, కొద్ది రోజులే.

హేజెల్ రెండు పేజీలూ ఒక వైపే రాసింది. అక్షరాలు పెద్దవి. ఈ సమాచారంతో మీ కడుపుమంట చల్లారుతుందని ఆశిస్తాను. మారియన్ చిన్నప్పుడు అచ్చం అలాగే రాసేది. మొన్న వాళ్ళమ్మ పెట్టెలోంచి మారియన్ తొమ్మిదో ఏటి ఫోటో తీశాను. కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూశాను. హేజెల్ ముక్కు అదేనా, కాదా అని. రెండేళ్ళైంది కదా పిల్లని చూసి. ఆ వయసులో మొహాలు నెలనెలా మారతాయి.

వచ్చే వారం పని మీద లండన్ వెళ్తున్నాను. ఆ మూడు రోజులు ఇక్కడ ఎండ కాస్తే లెక్కలో వేసుకోవచ్చని ముందే చెబుతున్నాను. నేను ఊళ్ళో లేకపోతే కాయకూడదని నియమం లేదు.

ఈసారి గెలవాలి బావగారూ. నిజం చెబుతున్నాను, గెలవాలి.

క్లెమెంట్


సాల్ట్‌వీక్
ఆగస్టు 1

బావగారికి,

అయిపోయింది. మీరే గెలిచారు.

మొన్న బుధవారానికి గంటన్నర వెనకున్నాం. నిన్న ఆఖరి రోజు మీ వైపు వానట. ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంటకి వెలిగింది. కార్డు మీద ఒక్క గంట గీత పడింది, అంతే. టౌన్ హాల్ గుమాస్తా రెండుసార్లు కొలిచాడు. అరగంట తేడా. మీకు అరగంట ఎక్కువ.

హేజెల్‌కి నేనే రాశాను. తొమ్మిదో తారీఖు శనివారం మీ దగ్గరికి బయల్దేరుతుంది. దానికి గుడ్డు ఉడకబెడితే పచ్చసొన గట్టిపడకూడదు. పాలమీద మీగడ తీసెయ్యాలి. ఇవి మీకు తెలియవు, నాకు తెలుసు.

ఇక రాయడానికేం లేదు.

విల్ఫ్


పెల్లింగ్ బే
ఆగస్టు 4

ప్రియమైన హాల్‌షా గారికి,

అరగంట! క్రికెట్‌లో ఒక్క పరుగుతో గెలిచినంత సంబరంగా ఉంది. పక్కింటి మిసెస్ పెన్‌ఫోల్డ్ చేత మీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను, చెవులకు ఇంపుగా ఉందని.

మీరింత మర్యాదగా ఓడిపోగలరని అనుకోలేదు. ఎగతాళి లేదు, సాకు లేదు. ఒంట్లో బాగానే ఉందా?

దక్షిణాది సూర్యుడు నమ్మదగినవాడని ఇప్పటికైనా ఒప్పుకోండి. కొత్తగా రెండు గుడ్డ కుర్చీలు కొన్నాను. ఒకటి నాకు, ఒకటి హేజెల్‌కి.

క్లెమెంట్


సాల్ట్‌వీక్
ఆగస్టు 13

బావగారూ,

ఎండ!

శనివారం మధ్యాహ్నం మొదలైంది. హేజెల్ రైలు మీ స్టేషన్లో ఆగిన వేళకే అనుకుంటా. ఆదివారం, సోమవారం, మంగళవారం, ఇవాళ. పొద్దున ఆరు నించి రాత్రి ఎనిమిదిదాకా ఒకే గీత, కార్డు ఈ చివర నించి ఆ చివరదాకా. బోర్డింగ్ హౌస్ వాళ్ళు పది గంటలకి తోసెయ్యక ముందే పరిగెడుతున్నారు. మిసెస్ క్లెగ్ టీ గంట కొడితే ఒక్కడు రావడం లేదు. హామ్ పళ్ళెం పట్టుకుని తనే ఒడ్డుకొచ్చి, "రండ్రా నాయనా, తినిపోండి" అని బతిమాలుతోంది. నా జన్మలో చూడలేదు.

మీ వైపు తుంపరట కదా. పేపర్లో చూశాను. మొదట నవ్వొచ్చింది. తరవాత రేకుల చావిట్లో ఒక్కణ్ణీ కూచున్నాను, చల్లగా ఉంటుందని. ఎవరి గొడుగులూ లేవు లెక్కపెట్టడానికి.

ఇదేం పంపకం బావగారూ? ఎండ నాకు, పిల్ల మీకు.

అది గవ్వలు ఏరిందా? నా గురించి ఏమన్నా అడిగిందా? అడక్కపోతే అడిగిందని రాయండి.

విల్ఫ్


పెల్లింగ్ బే
ఆగస్టు 18

ప్రియమైన బావగారికి,

ఈ ఉత్తరం మిసెస్ పెన్‌ఫోల్డ్ రాస్తున్నారు, నేను చెబుతున్నాను. కారణం చివర తెలుస్తుంది.

హేజెల్ నిన్నగాక మొన్న వెళ్ళిపోయింది. వారమంతా మబ్బు, తుంపర. కొత్త గుడ్డ కుర్చీలు ఒక్కసారి కూడా విప్పలేదు. బ్యాండు వాయించే మండపంలో కూర్చుని చదరంగం ఆడాం. మూడుసార్లు నన్ను ఓడించింది. రెండుసార్లు అన్యాయంగా. అది మీ వైపు నుంచి వచ్చిందే. శనివారం సాయంత్రం ఐదూ నలభైకి రైలు కదిలింది. చివరి పెట్టె మలుపు తిరుగుతుండగా వచ్చిందండీ ఎండ! మీరు పదేళ్ళుగా చెబుతుంటే అతిశయోక్తి అనుకున్నాను. క్షమించండి.

మీ గురించి అడిగింది. అబద్ధం కాదు. "విల్ఫ్ తాత గాజు బంతి ముసలిదైపోయిందా, ఎండ సరిగ్గా పట్టుకోలేకపోతోంది?" అంది. బంతి తప్పు కాదమ్మా, ఊరి తప్పు అని చెప్పాను.

ఇప్పుడు చెప్పవలసింది చెబుతాను. వసంతం నుంచి నా కళ్ళు పాడవుతున్నాయి. చూపు నడిమధ్య మసక. జులైలో లండన్ వెళ్ళింది కంటి డాక్టరు దగ్గరికి. వచ్చే వేసవికి మనుషుల మొహాలు పోల్చుకోలేనన్నాడు. మందు లేదట. అందుకే ఈ ఏడు ఆ పిల్లని చూడాలి అనుకున్నాను. మీకు మాత్రం చెప్పదలచుకోలేదు. చెబితే జాలిపడి మీరు వారం వదిలేస్తారు. జాలితో వచ్చిన వారం నాకు వద్దు. న్యాయంగా గెలవాలనుకున్నాను. గెలిచాను. అరగంటే కావచ్చు, కానీ అది నా అరగంట. ముసలితనంలో ఇదొక్కటి నాకు గర్వంగా ఉంది.

ఇంకో వింత. ఎండలో నాకు ఏమీ కనిపించదు, కళ్ళు చెదిరిపోతాయి. ఆ మబ్బు పట్టిన మండపంలో, ఆ బూడిదరంగు వెలుతురులో, హేజెల్ మొహం ఎంత బాగా కనిపించిందో! ముక్కు మీద పదిహేడు మచ్చలున్నాయి. రెండుసార్లు లెక్కపెట్టాను.

మీ క్లెమెంట్


సాల్ట్‌వీక్
ఆగస్టు 21

బావగారికి,

పదిహేడు కాదు, పద్దెనిమిది. ఎడమ ముక్కు పుటం కింద ఒకటుంది, నవ్వితేనే కనపడుతుంది. పోయినేడు నేను చూశాను. మీరు చూళ్ళేదు. హమ్మయ్య, ఒకటైనా నాకు మిగిలింది.

ఈ ఉత్తరం ఎవరు చదివి వినిపిస్తున్నారో వారికి నమస్కారం. మిసెస్ పెన్‌ఫోల్డ్ గారూ, మొహమాటపడి మధ్యలో ఆపకండి. అంతా చదవండి.

నేను నోరు మూసుకుని ఉందామనుకున్నాను బావగారూ. ఎడ్నా కూడా ఒట్టేయించుకుంది. కానీ ఆ పిల్ల నా గాజు బంతి ముసలిదైపోయిందా అందని రాశారు చూశారా, అక్కడ తెగిపోయింది నా ఓపిక. పైగా ఊరి తప్పన్నారు. పైగా గర్వంగా ఉందన్నారు. మీ మీద అసూయ పడి పడి ఎండిపోయాను. మీ ఎండ మీద పడ్డాను, మీ రెండు పేజీల మీద పడ్డాను, చివరికి మీ కళ్ళ జబ్బు మీద కూడా. నవ్వకండి. మారియన్ జులైలోనే ఎడ్నాకి రాసింది, మీరు చెప్పొద్దన్నారు కనక ఎవరికీ చెప్పొద్దని. ఎడ్నా చదివి వినిపిస్తుంటే నాకు మొట్టమొదట ఏమనిపించిందో తెలుసా? చూశావా, ఇందులోనూ ఈయనే గెలిచాడు, ఇక పిల్ల జాలంతా ఈయనకే అనిపించింది. తరవాత సిగ్గేసింది. ముందొచ్చింది మాత్రం అదే.

ఇంకో మాట. మబ్బులో మొహం బాగా కనపడుతుందన్నారు. అయితే మబ్బులో మాతో పోటీకొస్తారా? మీ ఊరి మబ్బు ఒక మబ్బా? వారానికే అలిసిపోయింది. ఇంగ్లండు మొత్తమ్మీద సాల్ట్‌వీక్ మబ్బుని మించింది లేదు. మందంగా, మెత్తగా, పొద్దున్నించి టీ వేళదాకా కదలకుండా ఉంటుంది. డాక్టరు వచ్చే వేసవి అన్నాడు కదా. వచ్చే వేసవిదాకా ఎందుకు? సెప్టెంబర్లో బడి తెరిచేలోగా డెరెక్ పిల్లని రెండు రోజులు తీసుకొస్తానన్నాడు. మీరూ రైలెక్కండి. చావిట్లో మధ్యన పిల్ల, అటు మీరు, ఇటు నేను. ఆ పద్దెనిమిదోది చూపిస్తాను. ఎండొస్తే నా పూచీ, మీరు కళ్ళు మూసుకుని కూచుందురుగాని, ఎటూ అది ఐదున్నరదాకా రాదు.

ఒక్కరోజే వేళకొచ్చింది బావగారూ. నలభై ఏళ్ళలో ఒక్కరోజు. జులై ముప్ఫైఒకటి.

గంటన్నర వెనకున్నామా? పొద్దున్నించీ మబ్బుగా ఉంటే హాయిగా ఉన్నాను. మనమేం చెయ్యక్కర్లేదు, ఓడిపోతాం, ఆయన పిల్లని చూసుకుంటాడు, మనం మంచివాళ్ళం అనుకున్నాను. సరిగ్గా ఒంటిగంటకి మబ్బు తొలిగింది. ఎట్లాంటి ఎండ! అన్నేళ్ళు పిలిస్తే రానిది, వద్దన్నరోజు బాకా ఊదుకుంటూ వచ్చింది. పార్కుకి పరిగెత్తాను. కార్డులోంచి పొగలొస్తున్నాయి. గీత పాకుతోంది. పావుగంట, అరగంట, ముప్పావు. నా మనసు మాత్రం, పాకు తల్లీ, పాకు అంటోంది. గంటన్నర దాటితే పిల్ల నాది. న్యాయంగా నాది, చుట్టతో పనిలేకుండా. రెండు కొట్టేదాకా ఆ బంతి పక్కన నిలబడ్డాను. అంత అందమైన గీత ఈ చేతులతో ఎప్పుడూ తియ్యలేదు.

రెండు కొట్టగానే టోపీ తీసి బంతి మీద బోర్లించాను.

పక్కనే బెంచీ మీద కూచున్నాను, ఎవరూ తియ్యకుండా. మిసెస్ క్లెగ్ అటుగా పోతూ ఆగింది.

"ఏం విల్ఫ్, టోపీ ఆరేశావా?"

"చెమట పట్టింది."

"సాల్ట్‌వీక్‌లోనా!" అని నవ్వుకుంటూ పోయింది.

రెండున్నర గంటలు కాసింది. నాలుగున్నరకి మబ్బు మళ్ళీ వచ్చాక టోపీ తీశాను. కార్డు మీద పడాల్సిన రెండున్నర గంటలూ నా బట్టతల మీద పడ్డాయి బావగారూ, పొట్టు ఇప్పటికీ లేస్తోంది. టౌన్ హాల్ గుమాస్తాకి చెప్పకండి. హేజెల్‌కి అసలు చెప్పకండి. ఆ సాయంత్రం ఎడ్నా నా నెత్తికి చల్లారిన టీ అద్దుతూ, "ఇంత ఎండలో టోపీ ఏం చేశావయ్యా?" అని అడిగింది.

"డ్యూటీ మీదుంది" అన్నాను.

మీ వియ్యంకుడు,
విల్ఫ్